ఆరు పాయింట్ నాలుగు

"బంగాళాదుంప కూడదు. టమాటా కూడదు. అరటిపండు కూడదు. శనివారం వండే బీన్సూ కూడదు. మరి ఇదేమిటే ఆర్డీ, ఇంత తెల్లగా పెట్టావు?"

"మాకరోనీ."

"దాని మీద?"

"కాస్త వెన్న."

"పిల్లికి పెట్టినా మొహం తిప్పుకుంటుంది."

"నిన్న నువ్వు వదిలేసింది పిల్లే తింది. మొహం తిప్పుకుంది నువ్వు."

లిండన్ ప్లేటును రెండంగుళాలు ముందుకు తోశాడు. ఆర్డిత్ దాన్ని రెండంగుళాలు వెనక్కి తోసింది. మూడు వారాలుగా ఆ వంటింట్లో పొద్దున్నే ఇదే తంతు.

అరవై నాలుగేళ్ళ మనిషి. కోర్సన్ దీవిలో అతనంత లోతు నుంచి లాబ్‌స్టర్ బోనులు లాగేవాళ్ళు ముగ్గురో నలుగురో ఉంటారు. అలాంటివాడి రక్తంలో పొటాషియం ఆరు పాయింట్ ఒకటి అని మూడు వారాల కిందట మొదటి రిపోర్టు వచ్చింది. పోయిన వారం మళ్ళీ తీయించారు. ఈసారి ఆరు పాయింట్ నాలుగు. అయిదు దాటకూడదు. ఇంకా పెరిగితే గుండె లయ తప్పుతుందని ఆవలి ఒడ్డు డాక్టరు ఫోన్లో చెప్పాడు. ఏళ్ళ తరబడి మింగుతున్న బీపీ మాత్ర పొటాషియం పెంచే రకం కాబట్టి మొదటి రిపోర్టుకే దాన్ని ఆపించాడు. నడిసముద్రంలో బోటు మీద పనిచెయ్యడం ఇక మంచిది కాదన్నాడు.

ఆ చివరి మాటకే లిండన్ విరిగిపోయాడు. శనివారం నాడు బోటు అమ్మేస్తానని తనే అన్నాడు. ఆర్డిత్ అడగలేదు. అడగకుండానే దొరికింది.

"కాలు చూపించు," అంది.

"చూసి ఏం చేస్తావు, తూకం వేస్తావా?"

"చూపించమన్నానా!"

మేజోడు దించితే చీలమండ చుట్టూ గాడి పడి ఉంది. వేలితో నొక్కితే గుంట పడి, పూడడానికి చాలాసేపు పట్టింది. మాత్ర ఆపాక మొదలైంది ఈ వాపు. బీపీ పొద్దున నూట అరవై ఎనిమిది.

తలుపు తట్టకుండా డ్వైట్ లోపలికి వచ్చాడు. లిండన్ తమ్ముడి కొడుకు. ముప్పై నాలుగేళ్ళవాడు, మాట తక్కువ. బోటు కొనేది అతనే.

"పెదనాన్నా, గురువారం సాయంత్రం కాయితాలు తెస్తాను. నాలుగింటికి ఇంట్లో ఉంటావా?"

"ఎక్కడికి పోతానురా? నన్ను ఈ మాకరోనీకి కట్టేశారు."

డ్వైట్ పెద్దమ్మ వైపు చూశాడు. నవ్వొచ్చో కూడదో తెలియలేదు.

"రేపు బోటెక్కుదాం," అన్నాడు లిండన్, కిటికీలోంచి చూస్తూ. "నా గుర్తులన్నీ చూపిస్తాను."

ఆర్డిత్ చేతిలో గరిటె ఆగింది. ఆ దీవిలో భార్యకు అప్పుల సంగతి చెప్పేవాళ్ళున్నారు, పాత ప్రియురాలి పేరు చెప్పేవాళ్ళున్నారు. బోనులు వేసే చోట్లు చెప్పినవాడు లేడు. ఏ రాయికీ ఏ చర్చి గోపురానికీ సూటిలో ఎన్ని బారల లోతున అడుగు గట్టిగా ఉంటుందో, లాబ్‌స్టర్లు ఏ నెలలో ఎక్కడికి చేరతాయో, లిండన్ తండ్రి కాలం నుంచి రాసి ఉంచిన నోట్‌బుక్కు ఒకటుంది. మైనపు గుడ్డలో చుట్టి ఉంటుంది. ముప్పై ఆరేళ్ళ కాపురంలో ఆర్డిత్ దాని వీపు తప్ప పొట్ట చూడలేదు.

"ఆ నోట్‌బుక్కు కూడానా?" అంది.

"బోటు ఇచ్చి చోటు చెప్పకపోతే వాడు నీళ్ళు లాగుతాడా?"

*

జెట్టీ చివర తగరపు కప్పుతో ఉన్న పొడుగాటి షెడ్డు ఆర్డిత్‌ది. దీవిలో పట్టిన లాబ్‌స్టర్లన్నీ ఆమె కాటా ఎక్కాల్సిందే. ఆమె కాటా మీద వేలు పెట్టదని పడవలవాళ్ళకు తెలుసు. పైగా ఏ పెట్టెలో సరుకు ఎందుకు నీరసపడిందో ముట్టుకుని చెప్పేస్తుంది.

తపాలా పడవ ఆగేదీ అక్కడే. ఆవలి ఒడ్డుకు పోయేవన్నీ, ఉత్తరాలైనా ఇంజను ముక్కలైనా నర్సు పంపే రక్తం సీసాలైనా, ఆమె షెడ్డులో గంటా రెండు గంటలు కాచుకుని పడవెక్కుతాయి.

మంగళవారం మధ్యాహ్నం బడి వదిలాక రొవీనా టీచర్ వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల. రోజూ పొద్దున్నే దీవి చుట్టూ పరిగెత్తి వస్తుంది. దీవివాళ్ళకు అదొక వింత.

"రెండు లాబ్‌స్టర్లు ఇవ్వండి ఆర్డిత్ గారూ. మెత్త పెంకువి వద్దు."

"చుట్టాలా టీచరమ్మా?"

"ఎవరూ లేరు. దిగులుకి తింటున్నాను. అరటిపండు మానెయ్యమన్నారు నన్ను."

ఆర్డిత్ తలెత్తింది. "ఎవరు మానెయ్యమన్నారు?"

"మా డాక్టరు. ఆవలి ఒడ్డున ఆవిడ. నిన్న ఫోన్ చేసింది. ఏదో ఏడాదికోసారి చేయించే పరీక్షలే, ఊరికే చేయించాను. అన్నీ బాగున్నాయట, పొటాషియం ఒక్కటే ఆరు పాయింట్ రెండు. 'బలం కోసం పొడులేమైనా మింగుతున్నావా?' అని నిలదీసింది. నేను మింగేది పిల్లల అరుపులు తప్ప ఏమీ లేదన్నాను. రేపు సెలవు పెట్టి అక్కడికే వెళ్ళి మళ్ళీ రక్తం ఇచ్చి రావాలి."

"ఇక్కడ రక్తం ఎప్పుడిచ్చావు?"

"పోయిన వారం, సోమవారం. మీ ఆయనా నేనూ ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఆయన సూదిని తిట్టిన తిట్లు రెండు నాకు కొత్త."

ఆర్డిత్ నవ్వింది. లాబ్‌స్టర్ల కొండీలకు వేసిన రబ్బరు సరిచూసి, తడి పేపర్లో చుట్టి ఇచ్చింది. టీచర్ వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక కూడా ఆర్డిత్ కాటా దగ్గరే నిలబడి ఉంది.

తొమ్మిదేళ్ళ కిందట ఒక ఆగస్టులో ఇద్దరి సరుకు ఒకే రోజు చచ్చు చచ్చుగా దిగింది. ఒకడు ఉత్తరాన పట్టేవాడు, ఒకడు దక్షిణాన. నీళ్ళు పాడయ్యాయని ఊరంతా గోలపెట్టింది. ఆర్డిత్ ఒప్పుకోలేదు. వేరువేరు చోట్ల పట్టిన సరుకు ఒకే రోజున ఒకేలా చెడితే తప్పు సముద్రంలో ఉండదు, దారిలో ఉంటుందని వాదించింది. ఆవలి ఒడ్డున ఆ రెంటినీ మోసిన లారీలో చల్లబరిచే యంత్రం దారిలో ఆగిపోయిందని తరవాత తేలింది.

పొటాషియం పెరిగిన మనుషులు ఇద్దరు. ఒకరికి అరవై నాలుగు, ఇంకొకరికి ఇరవై తొమ్మిది. ఒకే సోమవారం, ఒకే పెట్టె.

పెట్టె దారి ఆమెకు తెలుసు. నర్సు చేతి నుంచి ఈ షెడ్డుకు, ఇక్కడి నుంచి పడవకు.

ఈ షెడ్డులో ఆ పెట్టెకు ఏం జరిగిందో అది కూడా తెలుసు. తెల్లటి థర్మోకోల్ పెట్టె. మొదటిసారి మూత తీసి చూస్తే లోపల ఐసు లేదు. ఈ నర్సు వసంతంలోనే కొత్తగా వచ్చింది, పాపం పట్నం పిల్ల, ఐసు వెయ్యడం మరిచిపోయింది అనుకుంది. ప్రాణమున్న సరుకేదీ ఐసు లేకుండా ఈ జెట్టీ దాటలేదు ఇంతవరకూ. గరిటెడు ఐసు పొడి పోసింది. రెండోసారి, మొగుడి రక్తం మళ్ళీ వెళుతోందని తెలిసి, సీసాల చుట్టూ తడి పేపరు చుట్టి, నిండా పోసి, మూతకు టేపు వేసింది.

మొదటిసారి గరిటెడు. ఆరు పాయింట్ ఒకటి. రెండోసారి పెట్టెడు. ఆరు పాయింట్ నాలుగు.

ఆర్డిత్ షెడ్డు తలుపు గొళ్ళెం పెట్టింది. మంగళవారం మధ్యాహ్నం ఆ తలుపు మూయడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

*

దీవి ఆసుపత్రి అంటే రెండు గదులు. నర్సు అడేల్ బల్ల మీద లిండన్ కాయితాలు పరిచింది.

"రండి. కూర్చోండి. ఆయన ఎలా ఉన్నారు?"

"తిండి మీద కోపంగా ఉన్నాడు. ఈ అంకెలు నాకోసారి చదివి చెప్పమ్మా. డాక్టరు ఫోన్లో గబగబా చెప్పేశాడు."

అడేల్ పెన్ను తీసింది. ఇలా అడిగేవాళ్ళంటే ఆ పిల్లకు ఇష్టం.

"ఇది హిమోగ్లోబిన్. రక్తం ఎర్రదనం, ఊపిరిని మోసేది. తగ్గితే రక్తం తక్కువైందని. ఆయనకి బాగుంది. ఇవి తెల్లకణాలు. ఒంట్లో ఎక్కడైనా చీము, జ్వరం ఉంటే పెరుగుతాయి. బాగున్నాయి. ఇది చక్కెర, పరగడుపున ఆ పూట ఉన్నది. దీని కింద ఉన్నది మూడు నెలల సగటు చక్కెర. ముందురోజు నోరు కట్టుకుని వచ్చినా ఇది పట్టిచ్చేస్తుంది."

"మంచి పరీక్షే. ఇలాంటిది మనుషుల మాటలకి కూడా ఉంటే బాగుండు."

"ఇది క్రియాటినిన్. కండలు వాడగా మిగిలిన చెత్త. దాన్ని బయటికి తోసేవి కిడ్నీలు. అవి పాడైతే ఇది పెరుగుతుంది. ఆయనకి సున్నా పాయింట్ తొమ్మిది. పోయిన ఏడూ అంతే, అంతకుముందూ అంతే."

"అంటే కిడ్నీలు బాగున్నట్టేగా?"

"అదే మా డాక్టరుకీ అంతుపట్టడం లేదు. రెండుసార్లూ గుండె పటం, అదే ఈసీజీ, తీశాను, అదీ బాగుంది. అందుకే ఆసుపత్రిలో పెట్టలేదు. ఈ ఒక్క అంకె వంకరగా ఉంది."

"ఈ పక్కన రాసిన హద్దులు ఎవరు పెట్టారు? మా దగ్గర పొడవు కొలిచే ఇత్తడి గేజు ఉంటుంది. లాబ్‌స్టర్ వెంట్రుకవాసి తక్కువైనా తిరిగి నీళ్ళలోకే."

"ఇది మీ గేజు లాంటిది కాదండీ. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని వందమందిని తీసుకుంటే తొంభై అయిదుగురు ఈ హద్దుల్లో ఉంటారు. మిగిలిన అయిదుగురికీ జబ్బు లేదు, వాళ్ళ తీరే అంత. అందుకని కాస్త దాటితే కంగారు పడకూడదు. ఒక్క అంకెని ఒంటరిగా చూడకూడదు. పాతవాటి పక్కన పెట్టాలి, తోటివాటి పక్కన పెట్టాలి. కానీ పొటాషియం ఆరు దాటిందంటే కాస్త కాదు. అది నిజమైతే ప్రమాదం."

"నిజమైతే?"

"ఒక్కోసారి అబద్ధం కూడా చెబుతుంది. చేతికి పట్టీ మరీ బిగించినా, పిడికిలి పదేపదే బిగించి వదిలినా పెరిగినట్టు కనిపిస్తుంది. కణాలు పగిలితే కూడా. పగిలితే పైన తేరిన నీరు ఎర్రబడుతుంది, లాబ్‌వాళ్ళు రాస్తారు. ఇక్కడ రాయలేదు." అడేల్ ఒక ఖాళీ సీసా తీసి చూపించింది. "సీసాలోకి వచ్చాక కూడా రక్తం బతికే ఉంటుంది ఆర్డిత్ గారూ. పొటాషియం ఉండేది కణం లోపల. దాన్ని లోపలే ఉంచడానికి కణానికో పంపు ఉంటుంది. ఆ పంపు ఆగితే మెల్లగా బయటికి కారిపోతుంది. కణాలు పగలవు, రంగు మారదు."

"పంపు ఎందుకు ఆగుతుంది?"

"చల్లబడితే. మన గిరగిర తిప్పే యంత్రం బాగుంటే ఇక్కడే రక్తంలోని కణాల్ని, నీటిని వేరు చేసి పంపేదాన్ని, అప్పుడు ఏ ఇబ్బందీ ఉండేది కాదు. జూన్ నుంచి అది మూలన పడింది. అందుకే పెట్టెలో ఐసు పెట్టకుండా పంపిస్తున్నాను."

షెడ్డు నుంచి తెచ్చుకున్న చలి ఇంకా ఆర్డిత్ వేళ్ళకు ఉంది. వాటిని ఒడిలో దాచుకుంది.

"ఎందుకడిగారు?" అంది అడేల్.

"ఊరికే. అంకెలు తెలుసుకుందామని."

*

ఆ సాయంత్రం లిండన్ వరండాలో కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆర్డిత్ పక్క కుర్చీలో చేతి తొడుగులు కుడుతోంది. ఇంకా వెలుగుంది. రేవులో బోటు కనిపిస్తోంది. వెనక నల్లటి అక్షరాలు: ఆర్డిత్ ఎమ్.

"ఒక సంగతి చెప్పనా?" అన్నాడు లిండన్.

ఆమె సూది ఆగింది.

"నవంబరులో తాడు కాలికి చుట్టుకుంది చూడు. నేను నీతో నవ్వుతూ చెప్పాను. అది నవ్వే సంగతి కాదు. బోను దిగిపోతోంది, నేను దానితో పాటు బోటు వెనక్కి జారిపోతున్నాను. కత్తి ఒరలో అడ్డం పడింది. రెండోసారి లాగితే వచ్చింది. మూడోసారికి వ్యవధి లేదు."

"నాకు తెలుసు."

"ఎలా?"

"నీ బూటు మడమ చూశాను. తాడు దాన్ని కోసేసింది."

అతను తన మడమ వైపు చూసుకున్నాడు. తరవాత నెమ్మదిగా అన్నాడు: "అప్పటి నుంచి నువ్వు సరిగ్గా నిద్రపోవడం లేదు. నాకూ తెలుసు. పోన్లే. ఈ పొటాషియమో పాడో, బోటు పోతే నువ్వైనా నిద్రపోతావు."

ఆ మాటకు ఆమె ఏదో అనబోయింది. ఒక్క వాక్యం చాలు. ఐసు నేనే పోశాను. మూడు మాటలు.

ఆమె లెక్క వేసుకుంది. జీవితమంతా వేసుకున్నట్టే వేసుకుంది. ఒకవైపు వాచిన కాలు, నూట అరవై ఎనిమిది బీపీ. రేపో ఎల్లుండో మళ్ళీ పరీక్ష ఉండనే ఉంది, ఈసారి ఐసు పొయ్యకపోతే అంకె తనంతట తనే దిగుతుంది, మాత్ర మళ్ళీ మొదలవుతుంది. అప్పటికి బోటు డ్వైట్‌ది అవుతుంది. మొగుడు ఒడ్డున ఉంటాడు, బతికి ఉంటాడు. ఎవరికీ నష్టం లేదు. ఎంత తిప్పి చూసినా లెక్క సరిపోతోంది.

సరిపోయిన లెక్కను ఆమె నమ్మదు. మరీ నున్నగా కూర్చున్న తూకం చూస్తే, కాటా మీద ఎవరి వేలుందో వెతకడం ఆమెకు అలవాటు.

"ఏమిటే, ఏదో అనబోయావు?"

"ఏం లేదు. రేపు చలి ఉంటుందట. ఉన్ని టోపీ పెట్టుకో."

*

బుధవారం పొద్దున షెడ్డు గుమ్మం నుంచి ఆర్డిత్ చూసింది. బోటు ఉత్తరపు రాళ్ళ వైపు వెళ్ళింది. ఆగింది. చెయ్యి ఒకటి చర్చి గోపురం వైపు లేచింది, తరవాత దీపస్తంభం వైపు. మళ్ళీ కదిలింది, మళ్ళీ ఆగింది. ఇలా ఎన్నిసార్లు ఆగిందో ఆమె లెక్కపెట్టింది. పద్నాలుగు. తరవాత బోటు దీవి కొన దాటి కనబడకుండా పోయింది.

మూడింటికి తిరిగొచ్చారు. ముందు డ్వైట్ దిగాడు. చంకలో మైనపు గుడ్డ మూట ఉంది. దాన్ని పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

లిండన్ తరవాత దిగాడు. రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు.

"అయిపోయిందా?" అంది ఆర్డిత్.

"అయిపోయింది," అన్నాడు. "మా నాన్నవి పదకొండు, నావి ఇరవై ఆరు. నాలుక మీద ఉన్నవి కూడా చెప్పేశాను."

ఇంటి దాకా నడిచే దారిలో రెండుసార్లు ఆగాడు. ఆయాసమా అని ఆమె అడగలేదు. అది కాదని తెలుసు.

*

గురువారం పొద్దున్నే మూడో పరీక్ష.

"ఇంకా ఎన్ని సీసాలు తీస్తావమ్మా? ఉప్పేసి అమ్ముతున్నావా ఏమిటి?" అన్నాడు లిండన్.

"ఇంకెవరూ కొనరు, మీ ఆవిడ తప్ప," అంది అడేల్. "పిడికిలి బిగించకండి. వదిలెయ్యండి, మెత్తగా."

రక్తం ఇచ్చి లిండన్ వెళ్ళిపోయాడు. ఆర్డిత్ వెళ్ళలేదు. తలుపు దగ్గరగా వేసి నిలబడింది.

"ఆ పెట్టెలో ఐసు నేనే పోశాను," అంది. "రెండుసార్లూ. నువ్వు మరిచిపోయావనుకున్నాను."

అడేల్ చేతిలో సీసా అలాగే ఉంది. మెల్లగా బల్ల మీద నిలబెట్టింది.

"మంగళవారం మీరు నన్ను అడిగారు."

"అడిగాను."

"అప్పటికే మీకు..."

"అనుమానంతో వచ్చాను. తెలుసుకుని వెళ్ళాను."

"ఆయనకి మాత్ర ఆపి మూడు వారాలైంది, ఆర్డిత్ గారూ. కాళ్ళు చూశారా?"

"రోజూ చూస్తున్నాను."

అడేల్ తిట్టలేదు. తిడితే బాగుండునని ఆర్డిత్‌కు అనిపించింది. ఆ పిల్ల ఎర్ర పెన్ను తీసి, పెట్టె మూత మీద పెద్ద అక్షరాలతో 'ఐసు వద్దు' అని రాసింది. "ఇది నేను మొదటిరోజే రాయాల్సింది," అంది. తరవాత కళ్ళెత్తింది. "ఫలితం ఏదైనా సరే, ఆయనకి మీరే చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెప్పాల్సి వస్తుంది."

"చెబుతాను. ఈ పెట్టె ఈసారి పడవవాడికి ఇవ్వను. నేనే పట్టుకెళతాను."

పొద్దుటి పడవలో ఆర్డిత్ ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆవలి ఒడ్డు వచ్చేదాకా దాని మీద చెయ్యి తియ్యలేదు. పడవవాడు చేపల మీద ఐసు సర్దుతున్నాడు. "కొంచెం వెయ్యమంటావా ఆర్డిత్?" అన్నాడు.

"దీని జోలికి వచ్చావంటే నీళ్ళలోకి తోస్తాను," అంది.

లాబ్ కిటికీలో పెట్టె ఇచ్చి, సీసా లోపలికి వెళ్ళేదాకా నిలబడింది. మధ్యాహ్నం పడవకు ఇల్లు చేరింది. లిండన్ నిద్రపోతున్నాడు. లేపి చెప్పొచ్చు. అంకె వచ్చాక చెబుదాం అనుకుంది. చేతిలో కాయితం లేకుండా సరుకు గురించి మాట్లాడడం ఆమెకు అలవాటు లేదు. అలా అని తనకు తాను చెప్పుకుంది.

*

నాలుగింటికి డ్వైట్ వచ్చాడు. కాయితాలు వంటింటి బల్ల మీద పరిచాడు. మైనపు గుడ్డ మూట కూడా పక్కనే పెట్టాడు.

"ఇదెందుకు తెచ్చావురా?" అన్నాడు లిండన్.

"రెండుచోట్ల తాతయ్య రాత అర్థం కాలేదు పెదనాన్నా. అడుగుదామని."

లిండన్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. పెన్ను మూత తీశాడు. "ఎక్కడ పెట్టాలి సంతకం?"

ఫోన్ మోగింది.

ఆర్డిత్ గోడ దగ్గరే ఉంది. తీసింది. విన్నది. "ఊఁ," అంది. మళ్ళీ "ఊఁ," అంది. ఫోన్ పెట్టేసింది.

"ఎవరు?"

"అడేల్. నాలుగు పాయింట్ అయిదు."

"ఏది?"

"నీ పొటాషియం. నీకేమీ లేదు లిండన్. ఎప్పుడూ లేదు. మాత్ర ఈ సాయంత్రం నుంచి వేసుకోమంది. వారం తరవాత ఇంకోసారి చూస్తుందట."

డ్వైట్ కుర్చీలో కదిలాడు. లిండన్ పెన్ను గాల్లోనే ఉంది. అతని మొహంలో సంతోషం రాబోయి, ఆర్డిత్ మొహం చూసి ఆగింది.

"మరి ఆ ఆరు పాయింట్ నాలుగు?"

"నేను ఐసు పోశాను. రక్తం పెట్టెలో. చల్లబడితే పొటాషియం కణాల్లోంచి బయటికి కారుతుందట. నాకు తెలియదు. లాబ్‌స్టర్లకి వేసినట్టే వేశాను."

లిండన్ కాసేపు ఆమెనే చూశాడు. తరవాత నవ్వాడు. నిజంగానే నవ్వాడు, భుజాలు ఊగేలా. "మూడు వారాలు మాకరోనీ తినిపించావు కదే! ఐసు పోసి! ఒరేయ్ డ్వైట్, విన్నావా, నన్ను పెట్టెలో పెట్టి రవాణా చేసింది మీ పెద్దమ్మ..."

డ్వైట్ కూడా నవ్వాడు. ఆర్డిత్ నవ్వలేదు.

లిండన్ నవ్వు నెమ్మదిగా ఆగింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

ఇప్పుడే అనొచ్చు. ఫోన్ ఇప్పుడే వచ్చింది, ఎవరైనా నమ్ముతారు. మంగళవారం సంగతి అడేల్ ఎవరికీ చెప్పే పిల్ల కాదు.

"మంగళవారం," అంది ఆర్డిత్.



"మంగళవారం," అన్నాడు లిండన్. రోజులు లెక్కపెట్టినట్టు బల్ల మీద అతని వేలు ఒకటి ముందుకు జరిగింది. "నోట్‌బుక్కు బుధవారం ఇచ్చాను."



డ్వైట్ మూటను పెదనాన్న వైపు జరిపాడు. "తీసుకో పెదనాన్నా. కాయితాలు చించేద్దాం. నాకు తొందరేం లేదు."

"చదివావా?"

డ్వైట్ తల వంచుకున్నాడు. "మొత్తం."

"మరి దీన్ని తీసుకుని నేనేం చేసుకోను?" అన్నాడు లిండన్. కోపం లేదు ఆ గొంతులో. వాతావరణం ఎలా ఉందని అడిగినట్టు అడిగాడు.

అతను లేచాడు. వాచిన కాళ్ళతో అలమర దాకా నడిచి, మూడు వారాలుగా ఎవరూ ముట్టని గోనెసంచి మూతి విప్పాడు. కత్తి తీసుకున్నాడు. కాయితాల మీద పెన్ను మూత లేకుండా అలాగే పడి ఉంది. సంతకం గీత ఖాళీగా ఉంది.

"తిని వెళ్ళరా డ్వైట్," అన్నాడు. "ఎన్ని తింటావు?"

"ఒకటి చాలు పెదనాన్నా."

లిండన్ ఒక బంగాళాదుంప చెక్కు తీసి గిన్నెలో వేశాడు. ఇంకొకటి తీశాడు. తొక్క ఎక్కడా తెగకుండా పొడుగ్గా వచ్చింది. దాన్ని కూడా గిన్నెలో వేసి, నీళ్ళు పోసి, పొయ్యి వెలిగించాడు.

ఆర్డిత్ గిన్నె వైపే చూస్తోంది. అతను కత్తి కడిగి, తుడిచి, సొరుగులో పెట్టేశాడు.

గిన్నెలో రెండే ఉన్నాయి.